విమానం కూలింది సరే.. ఎందుకు కూలింది?

చెరువు శిఖంల రిమోట్ విమానం కూలిందంటే ముందుగాల ఉరికేది పోరగాళ్లే. రెక్క ఒకడు, తోక ఒకడు, బ్యాటరీ ఇంకొకడు పట్టుకొని నవ్వుకుంట తెచ్చిస్తరు. ఎగరేసినాయన ఆ ముక్కలన్నీ సంచిల ఏసుకొని ఇంటికి పోతడు. గ్లూ గన్ వేడి పెట్టి రాత్రికి రాత్రే అతికిస్తడు. తెల్లారి మల్ల అదే జాగల నిలవడ్తడు. మల్ల కూలుతది. ఈసారి మొన్నటికంటే గట్టిగ కూలుతది.

పెద్ద విమానం కూలితే ఏఏఐబీ అనే కేంద్ర సర్కారు సంస్థ వస్తది. శకలాలు ఎక్కడెక్కడ పడ్డయో ఫొటోలు తీసి, కొలిచి, రాసుకున్నంకనే వాటిని కదిలిస్తరు. ఏడెనిమిది వందల గ్రాముల థర్మకోల్ విమానానికి గంత కథ అవసరమా అని మీకు నవ్వు రావొచ్చు. అవసరమే అంట నేను. కారణం తెల్వకుండ చేసిన రిపేరు సగం రిపేరే. పైంగ, అతికిచ్చిన విమానం పాత విమానం కాదు. బరువు మారుతది, తూకం మారుతది, అది పడిపోయే వేగం కూడా మారుతది. చాలామంది పోరగాళ్లు ఈ ఒక్క సంగతి తెల్వక రెండు, మూడు సార్లు కూలినంక "ఇది మనతోని కాదు" అని అటక మీద పడేస్తున్నరు. నాకు బాధనిపించేది గదే.

నేను ఐటీఐ చదివి, మండల కేంద్రంల మోటర్లు చుట్టే దుకాణంల పనిచేస్త. పొద్దంత బోరు మోటర్లు, స్టార్టర్లతోనే సరిపోతది. ఆర్‌సీ విమానాలు నా షోకు. యాసంగి కోతలై పొలాలు ఖాళీ అయినంక, చెరువు ఎండినంక మా దిక్కు ఎగరేసెతందుకు జాగకు కొదువ లేదు. పట్నంల ఉండేటోళ్లకు ఈ అదృష్టం లేదు.

రెడీమేడ్ విమానం కొనుమని నేనెవ్వరికీ చెప్పను. ట్రాన్స్‌మిటర్, రిసీవర్, ఒక 2212 మోటరు, 30 ఆంపియర్ల ఈఎస్‌సీ, నాలుగు చిన్న సర్వోలు, 2200 ఎంఏహెచ్ మూడు సెల్లుల లైపో బ్యాటరీ, ఛార్జర్. అన్నీ కలిపితే ఎనిమిది, తొమ్మిది వేల కాడికి వస్తది. విమానం ఒడలు మాత్రం థర్మకోల్ షీటుతోనో, సన్‌ప్యాక్ షీటుతోనో చేసుకోవచ్చు. సన్‌ప్యాక్ అంటే కరెంటు స్తంభాలకు కోచింగ్ సెంటర్లోళ్లు కొట్టిపోతరు చూడుండ్రి, లోపల గొట్టాల లెక్క గీతలుండే ప్లాస్టిక్ అట్ట, గదే. ఒడలు పోతే వంద, రెండు వందల రూపాయలు పోతయి. ఆ కరెంటు సామాను దక్కిచ్చుకుంటే చాలు, మల్ల ఒడలు కట్టుకోవచ్చు.

కూలిన కాడ ఏం చూడాలె

ముందుగాల ట్రాన్స్‌మిటర్ల థ్రాటిల్ సున్నాకు గుంజాలె. గుంజినంకనే విమానం దగ్గరికి పోవాలె. ముక్కు మట్టిల దిగి మోటరు ఆగిపోయినట్టే కనవడ్తది. మనం చేతితోని ఎత్తంగనే పంకా ఖాళీ దొరికి గిర్రున తిరుగుతది. పది ఇంచుల పంకా నిమిషానికి ఎనిమిది వేల చుట్లు తిరుగుతదనుకుంటే, దాని కొస వేగం గంటకు 380 కిలోమీటర్ల దాక వస్తది. వేలు తెగెతందుకు ఇంకేం కావాలె? అందుకే ఉరికొచ్చే పోరగాళ్లను దూరం నిలవెట్టుండ్రి. బ్యాటరీ వైరు పీకినంకనే ఎవ్వలైనా ముట్టుకోవాలె.

వైరు పీకకముందు ఒక్క పని మాత్రం చెయ్యాలె. విమానాన్ని కదిలియ్యకుండ, పంకాకు దూరంగ నిలవడి, స్టిక్ కొద్దిగ కదిలిచ్చి చూడాలె. రెక్క మీద పట్టీలు, తోక పట్టీ కదుల్తున్నయంటే సిగ్నల్ ఉన్నది, కరెంటు ఉన్నది, సర్వోలు బతికే ఉన్నయి. అంటే కూలిన కారణం గాలిలనో, తూకంలనో, చేతిలనో ఉన్నట్టు. ఏదీ కదలలేదంటే వైర్లల్ల, బ్యాటరీల వెతకాలె. ఒక్క నిమిషం పనితోని సగం అనుమానాలు తీరిపోతయి.

తర్వాత నేలను చదవాలె. ముక్కు నిటారుగ దిగి, మట్టిల గుంత పడితే విమానం తలకిందులుగ వచ్చినట్టు. తోక పట్టీ ఊడిపోయిందేమో, దాని తీగ జారిందేమో అక్కడ్నే చూడాలె. ఒక రెక్క కొస ముందుగాల తాకి, విమానం బొంగరం లెక్క తిరిగి పడితే, అది గాలిలనే ఒక దిక్కు ఒరిగి జారినట్టు. పొట్ట మీద పడి చాలా దూరం గీసుకుంట పోతే బ్యాటరీ అయిపోయి మోటరు ఆగి ఉంటది. ముక్కలు ఒక్క తాన కాకుండ దూరం దూరం పడ్డయంటే నేలను తాకకముందే గాలిల ఏదో విరిగింది. రెక్క నడుమ కర్ర అయితే అయ్యుండొచ్చు.

ఓ నోట్ బుక్ పెట్టుకోండ్రి. తారీఖు, గాలి ఎట్లున్నది, ఏ దిక్కు మలుపుల పడ్డది, ఏం విరిగింది.. నాలుగు ముక్కలు రాస్తే చాలు. నా బుక్కుల గద్ద పేరు కూడా ఉన్నది. గూడు దగ్గర్లున్నదో ఏమో, పైనుంచి వచ్చి ఒక్క తన్ను తన్నింది. ఎడమ రెక్క రెండు ముక్కలు. దానికి మందు ఏం లేదు, గద్దలు తిరిగే జాగ ఇడిసిపెట్టుడే.

ఎక్కువ విమానాలు తినేది ఇదే

కొత్తగ నేర్చుకునేటోళ్ల విమానాలు ఎక్కువగ కూలేది గాలి మీదికెళ్లి వెనుక్కు మలిపినప్పుడే. దీన్ని జర నిమ్మలంగ చెప్త, ఎందుకంటే ఇది సమజ్ అయితే సగం ఖర్చు తగ్గుతది.

రెక్క మీదికెళ్లి గాలి ఒక వేగంతోని పోతేనే విమానం నిలవడ్తది. ఆ వేగం తగ్గితే రెక్క గాలిని పట్టుకోలేదు. దీన్నే స్టాల్ అంటరు. మన చిన్న విమానం గంటకు 25 కిలోమీటర్ల కింద స్టాల్ అయితదనుకుందాం. మీరు 35తోని ఎగరేస్తున్నరు. గాలి 15 కిలోమీటర్ల వేగంతోని కొడుతున్నది. గాలికి ఎదురుపోతుంటే నేల మీద నిలవడ్డ మీకు విమానం 20తోని పోయినట్టు, మెల్లగ కనవడ్తది. వెనుక్కు మలిపినరు. ఇప్పుడు గాలి తోసుకపోతది గనుక 50తోని ఉరికినట్టు కనవడ్తది. "అమ్మో, చెయ్యి దాటిపోతున్నది" అని భయపడి థ్రాటిల్ తగ్గిస్తరు. కంటికి మల్ల 35 లెక్క కనవడెదాక తగ్గిస్తరు. అప్పుడు రెక్క మీద గాలి వేగం ఎంత? 35ల 15 తీసేస్తే 20. స్టాల్ వేగం కంటే తక్కువ. ఒక రెక్క ముందుగాల ఒరుగుతది, విమానం చుట్టు తిరిగి ముక్కు మీద పడ్తది. "సిగ్నల్ పోయింది" అంటరు. సిగ్నల్ ఎక్కడికీ పోలేదు. కన్ను నేలను చూసింది, రెక్కకు గాలి తక్కువైంది, గంతే.

మలుపుల ఇది ఇంకింత కష్టం. విమానాన్ని 60 డిగ్రీలు ఒరగేసి ఎత్తు తగ్గకుండ తిప్పితే రెక్కల మీద భారం రెండింతలైతది. స్టాల్ వేగం 25 నుంచి 35కు పోతది. అంటే నేరుగ పోతున్నప్పుడు పైలంగ ఉన్న వేగమే మలుపుల సరిపోదు. అందుకే ఎత్తుల, పెద్దగ, నిమ్మలంగ తిప్పాలె. ఒకవేళ స్టాల్ అయితే చెయ్యి తనంతల తానే స్టిక్‌ను మీది దిక్కు గుంజుతది. గది చెయ్యొద్దు. స్టిక్ ఇడిసి, ముక్కు కిందికి పోనిచ్చి, థ్రాటిల్ ఇచ్చి, వేగం అందుకున్నంకనే లేపాలె. యాభై, అరవై మీటర్ల ఎత్తుంటే ఇది చేసే టైముంటది. తాటిచెట్టు ఎత్తుల ఉంటే ఉండదు.

ఇది పిల్లలాట ముచ్చట అనుకోకుండ్రి. జర్మనీల ఒట్టో లిలియెంతాల్ అనే ఆయన తానే రెక్కలు చేసుకొని గుట్టల మీదికెళ్లి రెండు వేల సార్ల దాక గాలిల తేలిండు. 1896 ఆగస్టు 9న ఆయన గ్లైడర్ ఇట్లనే స్టాల్ అయి దాదాపు 15 మీటర్ల ఎత్తు నుంచి పడ్డది. తెల్లారి ఆయన పానం పోయింది. మనకు పోయేది థర్మకోల్, నయం.

ఇంకో తిప్పలు, విమానం మన దిక్కు వస్తున్నప్పుడు కుడి, ఎడమ తారుమారైతయి. మెదడుతోని లెక్కేసుకునేలోపు విమానం నేల మీదుంటది. దీనికి పాతోళ్లు చెప్పే ఉపాయం ఒకటున్నది. మీ దిక్కు వచ్చే విమానం ఏ రెక్క కిందికి ఒరిగిందో స్టిక్‌ను ఆ దిక్కే నెట్టుండ్రి. పడిపోతున్న పందిరికి గుంజ పెట్టినట్టు అనుకోండ్రి. రెక్క లేస్తది. నాలుగు రోజులు చేస్తే చేతికి పడ్తది.

తోకకు పెట్టిన గ్లూ ముక్కును అడుగుతది

ఇగ అసలు కథ. రిపేరుతోనే విమానం మల్ల ఎట్ల కూలుతదో చూద్దాం.

రెక్క ముందంచు నుంచి వెనకంచు దాక వెడల్పు 20 సెంటీమీటర్లుంటే, ముందంచు నుంచి 5 సెంటీమీటర్ల నుంచి ఆరున్నర సెంటీమీటర్ల నడుమ విమానం తూకం ఉండాలె. అంటే అక్కడ రెండు వేళ్లు పెట్టి ఎత్తితే విమానం సమానంగ నిలవడాలె. ముక్కు కొద్దిగ కిందికున్నా ఎగురుతది, జర మొండిగ ఎగురుతది. తోక బరువైతే మాత్రం ఇడిసిపెట్టంగనే ముక్కు లేపి, స్టాల్ అయి పడ్తది. ఎంత తెలివిగల్లోడి చేతిల ఉన్నా గంతే.

ఇప్పుడు తోక విరిగింది. గ్లూ పెట్టి, రెండు పుల్లలు పెట్టి, టేపు చుట్టినరు. పదిహేను గ్రాములు పెరిగింది. పదిహేను గ్రాములంటే ఏముంది అనిపిస్తది. గాని తూకం జాగ నుంచి తోక 60 సెంటీమీటర్ల దూరం ఉన్నది, ముక్కు 20 సెంటీమీటర్లే ఉన్నది. దూరం మూడింతలు, కాబట్టి తోకల 15 గ్రాములకు సరిపోవాల్నంటే ముక్కుల 45 గ్రాములు పెట్టాలె. మొత్తం 60 గ్రాములు ఎక్కినట్టు. బండకట్టు తక్కెడ తెలిసిన ఊరోళ్లకు ఈ లెక్క నేను చెప్పేదేముంది.

ఒక్కసారికి పెద్ద ఫరక్ పడదు. ఇట్లనే నాలుగైదు రిపేర్లయితే 700 గ్రాముల విమానం కిలో దగ్గరికి వస్తది. అప్పుడు స్టాల్ వేగం ఐదోవంతు పెరుగుతది. 25 కాస్త 30 అయితది. అంటే మెల్లగ దిగే విమానం ఉరుకుడు దిగుతది. బరువు పెరిగింది, వేగం పెరిగింది. నేలకు తాకే దెబ్బ దాదాపు రెండింతలైతది. మొదట్ల పొట్ట మీద జారి ఏం కాని విమానం, ఇప్పుడు అదే జాగల ముక్కు పగులగొట్టుకుంటది. పోరడేమో "గట్టిగ చెయ్యాలె" అని ఇంకో రెండు పుల్లలు కడ్తడు. గట్టిగ చేసిన కొద్దీ గట్టిగ పడ్తది.

అందుకే నా పద్ధతి ఒకటే. తోక విరిగితే అతికియ్యను, కొత్త తోక కోస్త. థర్మకోల్ ముక్క ఖరీదు ఇరవై రూపాయలు. ముక్కు విరిగితే అతికిస్త, అక్కడ బరువు పెరిగినా బ్యాటరీని ఇంత వెనుకకు జరిపితే సరిపోతది. ముక్కుకు సీసం ముక్కలు కట్టే ముందు కూడా బ్యాటరీని ముందుకు జరిపి చూడాలె. ఎట్లాగూ ఉండే బరువే కదా. ఆఖరికి కూరగాయల దుకాణంల ఉండే చిన్న డిజిటల్ కాంటా మీద విమానం పెట్టి, బరువు నోట్ బుక్కుల రాసుకోవాలె. మొదటి బరువుకు ఐదోవంతు ఎక్కువైందంటే ఆ ఒడలు పని అయిపోయినట్టే. కరెంటు సామాను పీకి కొత్త ఒడలు కట్టుడే. మమకారం పెట్టుకోవద్దు.

ఏ గమ్ము దేనికి

థర్మకోల్‌కు ఫెవిక్విక్ పెట్టకుండ్రి. పెట్టిన కాడ కరిగి గుంత పడ్తది. పంక్చర్ సొల్యూషన్, స్ప్రే రంగులు కూడా అంతే, పెట్రోల్ పోస్తే థర్మకోల్ ఎట్ల కరుగుతదో చూసే ఉంటరు. రెడీమేడ్ విమానాలల్ల వాడే ఈపీవో ఫోమ్ వేరు. అది చేతికి రబ్బరు లెక్క మెత్తగ తగుల్తది, దానికి ఫెవిక్విక్ నడుస్తది. ఈపీవో ముక్కు నలిగి ముడుతలు పడితే మరిగే నీళ్లల్ల కొద్దిసేపు ముంచుండ్రి, నలిగిన గుండ్లు మల్ల ఉబ్బి సగానికి సగం రూపం వస్తది. థర్మకోల్‌కు తెల్ల ఫెవికాల్ మంచిది. గాని గాలి తగలని సందుల ఆరెతందుకు ఒక రోజైనా పడ్తది, ఆగలేకపోతేనే తంటా. మోటరు బిగిచ్చే చెక్కకు, రెక్క నడుమ కర్రకు అరాల్డైట్. రెండు ట్యూబులు సమానంగ కలిపి, పల్చగ పూసి, తెల్లారెదాక ముట్టొద్దు.

సన్‌ప్యాక్ షీటుకు ఏ గమ్మూ సక్కగ పట్టదు. ఉప్పు కాగితంతోని గరుకు చేసి గ్లూ పెట్టి, మీదికెళ్లి చిన్న జిప్ టైలతోని కుట్టినట్టు బిగించాలె. ఇంకోటి, లోపలి గీతలు రెక్క పొడుగు దిక్కు ఉండాలె. అడ్డం ఉంటే రెక్క నడుమల మడత పడ్తది.

రెక్క కర్ర విరిగితే విరిగిన చివరలు రెండూ ఎదురెదురు పెట్టి అతికిస్తే నిలవదు. మనిషి బొక్క విరిగితే కట్టు కట్టేటాయన ఏం చేస్తడు? విరిగిన జాగకు అటు ఇటు బద్దలు పెట్టి చుడ్తడు. అట్లనే, రెండు దిక్కులా మూడు, నాలుగు ఇంచుల దాక పట్టేటట్టు వెదురు బద్ద పెట్టి, దారం చుట్టి, అరాల్డైట్ పూయాలె.

గ్లూ గన్ గురించి ఒక్క మాట. చలికాలం దానంత మంచి వస్తువు లేదు. ఎండకాలం మా దిక్కు నమ్మొద్దు. ఏప్రిల్, మే నెలల్ల బండి డిక్కీలనో, కారు వెనుక సీటు మీదనో విమానం పెడితే లోపలి వేడికి ఆ గ్లూ మెత్తబడ్తది. మోటరు వేడి దానికి తోడైతది. మోటరు బిగిచ్చిన జాగల గ్లూ గన్ గ్లూ ఒక్కటే ఉంటే గాలిలనే మోటరు ఊడి వస్తది. ముక్కుల బరువు పోయిందంటే తోక బరువైనట్టే, తర్వాత ఏమైతదో పైన చెప్పిన. మోటరుకు స్క్రూలు పెట్టుండ్రి. విమానాన్ని వేపచెట్టు నీడల పెట్టుండ్రి, ఎండల పెడితే రెక్కలు వంకర పోతయి.

పంకాను ఎప్పుడూ అతికియ్యొద్దు. ప్లాస్టిక్ పంకా మీద తెల్లటి గీత కనవడితే విరగకున్నా పారెయ్యాలె. తెల్లగైనదంటే లోపల చిరిగినట్టే. వంద రూపాయలకు ఆశపడితే ఆ ముక్క ఎటు పోతదో ఎవ్వలకూ తెల్వదు. కొత్త పంకా పెట్టినంక కూడా విమానం వణుకుతుంటే మోటరు ఇరుసు వంగినట్టు. చేతితోని మెల్లగ తిప్పి, కొసను ఒక పుల్లకు దగ్గర పెట్టి చూస్తే వంకర తెలుస్తది. బోరు మోటరు షాఫ్టు సంగతైనా, దీని సంగతైనా ఒక్కటే. వంగిన ఇరుసును సుత్తెతోని సక్కగ చేసుడు దండగ పని. ఇరుసు మార్చాలె. సర్వోలల్ల పండ్ల చక్రాలు ప్లాస్టిక్‌వే. కూలినప్పుడు ఒక పన్ను పోయినా బయటికి కనవడది, నేల మీద పనిచేస్తది, గాలిల భారం పడంగనే జారుతది. ప్రతి సర్వోను ఈ చివర నుంచి ఆ చివర దాక మెల్లగ తిప్పుకుంట, పట్టీని వేలుతోని కొద్దిగ ఆపి చూడాలె. కటకట సప్పుడొస్తే తీసెయ్యాలె.

బ్యాటరీ కాడ మాత్రం ఆటలొద్దు

మిగిలినవి చెడితే పైసలు పోతయి. లైపో బ్యాటరీ చెడితే ఇల్లు పోతది. కూలిన దెబ్బకు సొట్ట పడ్డా, ఉబ్బినా, తియ్యటి వాసన వచ్చినా ఆ ప్యాక్‌ను మల్ల ఛార్జింగ్ పెట్టొద్దు. మంట వెంటనే రావాల్నని లేదు, జరసేపు ఆగి కూడా వస్తది. అందుకే కూలిన బ్యాటరీని జేబుల, సంచిల ఏసుకొని బండెక్కకుండ, బయట ఇసుకల పెట్టి కనీసం ఓ అరగంట చూడాలె.

మన ఊర్లల్ల ఇంకో ముప్పున్నది. పత్తి ఏరినంక రేటు కోసమని అర్రల నింపి పెడ్తరు. ఇంటెనుక గడ్డివాము ఉంటది. ఆ దిక్కు ఛార్జింగ్ పెట్టుడు నెత్తిల నిప్పులు పోసుకునుడే. బయట అరుగు మీద, రాయి మీదనో మట్టి కుండలనో పెట్టి, మనిషి కూసోని ఛార్జ్ చెయ్యాలె. రాత్రి పెట్టి పండుకోవద్దు. 2200 ఎంఏహెచ్ ప్యాక్‌కు 2.2 ఆంపియర్లకు మించి ఎక్కియ్యొద్దు. ఒక్కో సెల్ 4.2 వోల్టుల దగ్గర నిండినట్టు. వారం దాక ఎగరేసేది లేకుంటే 3.8 కాడ పెట్టాలె. నిండుగ పెట్టి ఎండకాలం అటక మీద దాస్తే ఉబ్బి కూసుంటది.

ఎక్కడ ఎగరేయాలె

పొలాల నడుమ 11 కేవీ తీగలుంటయి. విమానం తీగల మీద పడితే వెదురు కట్టెతోని దింపుదామని చూడొద్దు. పచ్చి వెదురుకు కరెంటు పాస్ అయితది, కార్బన్ కర్రకైతే చెప్పనక్కరలేదు. లైన్‌మన్ వచ్చి సప్లై బంద్ చేసెదాక విమానం అక్కడ్నే ఉండనియ్యాలె. గట్టు లేని బాయిలు, మేసే బర్రెలు, కూలికొచ్చిన ఆడోళ్లు ఉన్న దిక్కు కూడా ఎగరెయ్యొద్దు. విమానాన్ని చూసుకుంట మనం వెనుక్కు నడుస్తం, బాయి కనవడది.

రూల్స్ కూడా ఉన్నయి. 2021 డ్రోన్ రూల్స్‌ల ఇసొంటివాటిని 'మోడల్' అని వేరే చెప్పిన్రు. 25 కిలోల లోపు ఉండి, చదువుకోసమో సరదాకోసమో, కంటికి కనవడే దూరంల ఎగరేసేవి. వాటికి టైప్ సర్టిఫికెట్ అక్కరలేదు. అయితే గ్రీన్ జోన్‌ల 400 అడుగులు దాటొద్దు. విమానాశ్రయం హద్దు నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల నడుమనైతే 200 అడుగులే. హైదరాబాద్ దిక్కు బేగంపేట, హకీంపేట, దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ ఉన్నయి. ఆ దగ్గర్ల ఊర్లోళ్లు కేంద్రం పెట్టిన ఎయిర్‌స్పేస్ మ్యాప్ చూడకుండ విమానం లేపొద్దు.

"దీంతోని ఏమొస్తదిరా" అని మా బాపు ఇప్పటికీ అడుగుతడు. పైసలు రావు బాపు అనే చెప్త. అయితే కాలేజీల ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ ఉన్న పిల్లలకు ఏరోమోడలింగ్ అనేది ట్రైనింగ్‌ల భాగమే, వాయు సైనిక్ క్యాంపుల పోటీలు కూడా పెడ్తరు. పొలాలల్ల మందు కొట్టే డ్రోన్లు ఊర్లకొచ్చినయి. 18 ఏండ్లు నిండి, పది పాసైతే రిమోట్ పైలట్ ట్రైనింగ్‌కు పోవచ్చు. ఆ డ్రోన్ పత్తి చేనుల పడ్డప్పుడు బాగు చేసేటోడు మండలంల ఎంతమంది ఉన్నరు? మోటరు, ఈఎస్‌సీ, బ్యాటరీ అందుల కూడా గవే, సైజే పెద్దది.

రిపేరైనంక మొదటిసారి లేపేది ఎట్లనో చెప్పి ఆపుత. ముందుగాల కాంటా, తర్వాత రెండు వేళ్ల తూకం. ఆ తర్వాత విమానం వెనుక నిలవడి పట్టీల దిక్కు చూడాలె. స్టిక్ కుడికి నెడితే కుడి రెక్క పట్టీ మీదికి, ఎడమది కిందికి పోవాలె. స్టిక్ మన దిక్కు గుంజితే తోక పట్టీ మీదికి లేవాలె. సర్వో విప్పి బిగిచ్చినప్పుడు ఇది ఉల్టా అవుడు మస్తు మామూలు, ఉల్టాగ ఉన్న విమానం మూడు సెకన్లు కూడా ఎగరది. ఇంకో మనిషి విమానాన్ని గట్టిగ పట్టుకుంటే మీరు ముప్పై అడుగులు నడిచిపోయి, మోటరు నిండుగ తిప్పి, పట్టీలు వణకకుండ కదుల్తున్నయా చూడాలె. ఇవన్నీ అయినంక కూడా మోటరు ఏయొద్దు. గడ్డి మొలిచిన జాగల గాలికి ఎదురు నిలవడి, విమానాన్ని సమానంగ, ఈటె ఏసినట్టు ముందుకు ఇడువాలె. ఇరవై, ముప్పై అడుగుల దూరం నిమ్మలంగ జారి దిగితే సరే. ముక్కు లేపి కూలబడితే బ్యాటరీ ముందుకు, నేలకు కొట్టుకుంటే కొద్దిగ వెనుకకు. నాలుగైదు సార్లు ఇడిస్తే తేలిపోతది. పొద్దుగాల ఏడు దాటకముందు, గాలి లేవకముందే ఈ పని కావాలె.